కొల్లేరు పులి తల

ఎక్కడికి వెళ్ళొచ్చావని అడిగితే ఏలూరు అంటాను. ఎందుకు వెళ్ళావంటే మాత్రం నా నోరు తడబడుతుంది. పులి తలని చూడ్డానికి వెళ్ళాను. తీరా చూస్తే అది పులి కాదు. పోనీ పిల్లి అందామా అంటే పిల్లి కూడా కాదు. అది దొరికిన చోటు చూద్దామని కొల్లేరు వెళితే, అక్కడ దాని సంగతి విన్నవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ నాలుగు రోజుల్లో నా బుర్ర స్థిమితంగా ఉన్నది అన్నం తింటున్నప్పుడు మాత్రమే.

మాది అనంతపురం. జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఒక పిల్లల మాసపత్రికలో, అంతరించిపోయిన జంతువుల మీద నెలకొక పేజీ రాస్తుంటాను. రెండు వేల ఏడులో, దసరా సెలవుల తరవాత, ఆ పత్రిక ద్వారా నాకొక ఉత్తరం వచ్చింది. రాసినావిడ ఏలూరులో ఉండే కాంతమ్మగారు, ఆవిడా రిటైరైన టీచరే. భర్త జీవరత్నం మాస్టారు తాడేపల్లిగూడెంలో ఒక మిషను స్కూల్లో ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పారట. ఆ స్కూలు లాబులో ఒక పుర్రె ఉంది. పైదవడ నుంచి రెండు కోరలు కత్తుల్లా కిందికి దిగి ఉంటాయి. దాని కింద చీటీ మీద, మాస్టారి చేతిరాతలో, కొల్లేరు అని ఉంది. 'కొల్లేరులో కోరల పులి' అని రెండేళ్ళ క్రితం పేపర్లో పడింది. అది చూసి పట్నం నుంచి ఎవరో పెద్దమనిషి వచ్చాడు. కొల్లేరులో ఇలాంటిది దొరకడం కల్ల, ఇది సిమెంటుతో పోసిన బొమ్మ, మాస్టారు పిల్లల్ని మోసం చేశాడు అని తేల్చేసి వెళ్ళాడు. మాస్టారు కిందటేడు పోయారు. మొన్న స్కూలు కమిటీవాళ్ళు లాబు గోడమీద ఉన్న ఆయన ఫోటో దించేశారు.

ఉత్తరం చివర ఇలా ఉంది: "మీరొచ్చి ఒక్కసారి చూడండి. ఆయన అబద్ధం ఆడి ఉంటే ఆడారనే చెప్పండి. నలభై నాలుగేళ్ళు కాపురం చేసిన మనిషి అబద్ధాలకోరో కాదో తెలియకుండా ఉండలేకపోతున్నాను."

ఆ ముక్క చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను.

ఏలూరు

స్టేషన్లో దిగేసరికి పొద్దున ఏడు. ఆటో అతను ఎదురొచ్చి, "ఏవండీ, ఎక్కడికండీ? సామాను ఇలా ఇవ్వండి," అన్నాడు. నా వెనక ఎవరో పెద్ద ఆఫీసరమ్మ ఉందనుకుని తిరిగి చూశాను. ఎవరూ లేరు. మా ఊళ్ళో అయితే "యాడికి?" అంటారు, అంతే. అందులో అమర్యాదేమీ లేదు, పొదుపు ఉంది. ఇక్కడ ప్రతి మాట చివరా ఒక 'అండీ' ఊరికే కలుపుతారు. బేరం ఆడబోయాను. ముప్ఫై అడిగాడు, ఇరవై అన్నాను. "మీ ఇష్టమండీ, మీరెంతిస్తే అంతేనండీ," అన్నాడు. అంత మెత్తగా అనేసరికి సిగ్గుపడి ముప్ఫై ఐదు ఇచ్చాను. ఎవరు ఎవర్ని గెలిచారో ఇప్పటికీ తెలియదు.

కాలవ పక్క హోటల్లో పెసరట్టు ఉప్మా తిన్నాను. అల్లం పచ్చడి నోట్లో పెట్టుకుంటే తియ్యగా తగిలింది. పొరపాటున బెల్లం పడిందేమోనని సర్వరుకి చెబితే, "బెల్లం వెయ్యకుండా అల్లం పచ్చడి ఎలా చేస్తారండీ?" అని నన్నే అడిగాడు. మా వైపు పచ్చడంటే కళ్ళలో నీళ్ళు తిరగాలి. అయినా రెండోసారి వడ్డించమన్నాను.

కాంతమ్మగారు పొట్టి మనిషి, డెబ్భై దాటాయి. ఇప్పటికీ చీరకుచ్చెళ్ళు స్కూలుకి వెళ్ళేవాళ్ళలా సర్దుకుంటారు. కాఫీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, పరీక్ష రాసేవాళ్ళని చూసినట్టు నన్ను చూశారు.

"పేపర్లో పడ్డప్పుడు మాస్టారేమన్నారండీ?" అని అడిగాను.

"ఏమంటారండీ? అప్పటికే పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యీ పోయింది. ఆ పట్నం ఆయన మోసం అన్న సంగతి కూడా మంచం మీదే విన్నారు."

"అంతకుముందు ఎప్పుడైనా అది కొల్లేరులో దొరికిందని చెప్పారా?"

ఆవిడ ఆలోచించారు. "ఇంట్లో స్కూలు కబుర్లు చెప్పేవారు కాదండీ. నేనూ టీచర్నే కదా, ఇంటికొచ్చాక ఇద్దరం నోళ్ళు కట్టేసుకునేవాళ్ళం. కానీ వాళ్ళ మేనమామగారిది కొల్లేరు పక్క మండవల్లి. సెలవుల్లో అక్కడికి వెళ్తుండేవారు. అక్కడెక్కడో దొరికిందేమోనని నేనే అనుకున్నాను."

'నేనే అనుకున్నాను' అన్నచోట నేను ఆగాల్సింది. ఆగలేదు. మండవల్లికి బస్సు ఎన్నింటికని అడిగాను.

మండవల్లి

మర్నాడు కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణించి ఆటో. రోడ్డుకి రెండువైపులా నీళ్ళే. మా ఊళ్ళో కుళాయి మూడు రోజులకోసారి వస్తే పండగ. ఇక్కడ ఇన్ని నీళ్ళ మధ్య ఆడవాళ్ళు ప్లాస్టిక్ బిందెలతో తాగునీళ్ళు కొనుక్కుని వెళ్తున్నారు. ఇదేమిటని ఆటో అతన్ని అడిగితే, "ఆ నీళ్ళు చేపలకండీ, ఇవి మనుషులకండీ," అన్నాడు. అర్థమైనట్టే తలూపాను.

చెరువు గట్టు మీద సోమేశ్వరరావుగారని, యాభై ఏళ్ళ మనిషి, చేపలకి తవుడు సంచులు కడుతూ కనిపించారు. నాకెందుకో పులి అంటే గ్రామ్యంగా ఉంటుందనిపించి, శాస్త్రజ్ఞురాలి ఫోజు పెట్టి, "ఇక్కడెక్కడో టైగర్ తల దొరికిందటండీ, మీకేమైనా తెలుసా?" అన్నాను.

"టైగరు మానేశామండీ," అన్నారాయన విచారంగా. "వైట్ స్పాట్ తెగులు వచ్చి మొత్తం పోయింది."

గబగబా నోటుబుక్కు తీశాను. "ఎన్ని ఉండేవి?"

"మాకు రెండు చెరువులండీ. లెక్కెవరు పెట్టారు, లక్షలు వేశాం."

"లక్షల టైగర్లా!"

"పక్కవాళ్ళకి ఇంకా ఎక్కువండీ. ఇక తలలంటారా, తలలు ఇక్కడ దొరకవు. ఫ్యాక్టరీలో వలిచేసి వొట్టి ఒళ్ళే ఎగుమతి చేస్తారు. మీకు తలలే కావాలంటే చెప్పండి, బుట్టెడు తెప్పిస్తాను. ఇగురు పెడితే బానే ఉంటుంది."

వెర్రిమొహం వేసుకుని నిలబడ్డాను. ఆయన చెబుతున్నది రొయ్యల సంగతి అని తట్టడానికి మరో రెండు నిమిషాలు పట్టింది. టైగర్ రొయ్య. నేను జువాలజీ చెప్పినదాన్ని!

నిజం చెప్పేశాను. ఆయన నవ్వాపుకోలేక గట్టు మీద కూర్చున్నారు. తరవాత నవ్వు ఆపి, గౌరవంగా, "కోరల పులా అండీ? ఇక్కడ బావురుపిల్లి ఉంది. చేపలు ఎత్తుకుపోతుంది. పులి మాత్రం మా తాతలు కూడా చూడలేదు," అన్నారు. తడి మట్టిలో దాని అడుగుల గుర్తులు చూపించారు. వంగి చూడబోయి జారాను. ఎడమకాలి చెప్పు బురదలో ఉండిపోయింది. ఆయన వెదురుగడతో కెలికారు, నేను చేత్తో కెలికాను. రాలేదు.

"ఎంత లోతుందండీ ఈ బురద?"

"తవ్వినకొద్దీ ఉంటుందండీ. ఇక్కడ గునపానికి రాయి తగిలితే కళ్ళకద్దుకోవాలి. మా ఇంట్లో రుబ్బురోలు కూడా కామవరపుకోట వైపు నుంచి తెచ్చిందే."

నన్ను ఇంటికి తీసుకెళ్ళి, వాళ్ళావిడ చేత అన్నం పెట్టించారు. కొరమీను పులుసు. ఆవిడ తన పాత చెప్పులు కూడా ఇచ్చారు, డబ్బిస్తానంటే "అదేంటండీ" అని లోపలికి వెళ్ళిపోయారు. పులుసు అద్భుతంగా ఉంది. చెయ్యి కడుక్కున్నాకే బుర్ర మళ్ళీ మొదలుపెట్టింది. కొల్లేరు నిన్నమొన్నటి ఒండ్రుమట్టి. రాయే లేనిచోట రాయిగా మారిన ఎముక ఎక్కణ్ణించి వస్తుంది? పట్నం పెద్దమనిషి మాటే నిజమయ్యేలా ఉంది. కాంతమ్మగారి మొహం గుర్తొచ్చింది.

తాడేపల్లిగూడెం

మూడో రోజు గూడెం. రైలు దిగి మార్కెట్ వీధిలోకి రాగానే ఉల్లిపాయల వాసన గుప్పుమంది. లారీల మీంచి బస్తాలు దిగుతున్నాయి. మా రాయలసీమ నుంచి ఇక్కడికి ఉల్లి వస్తుందని, కర్నూలు బస్తాలు చూపించి ఒకాయన చెప్పాడు. మన సరుకు మనకంటే ముందే ఇక్కడికి చేరిందన్నమాట.

స్కూల్లో నన్ను లాబుకి తీసుకెళ్ళింది అటెండరు కరీముల్లాగారు. మాస్టారి దగ్గర ఇరవై రెండేళ్ళు పనిచేశారట. తాళం తీస్తూనే, "వచ్చే నెలలో ఇదంతా ఖాళీ చేసి కంప్యూటర్లు పెడతారండీ. ఆ తల పారేయమన్నారు. నేనే దాచి ఉంచాను," అన్నారు.

బీరువాలోంచి గుడ్డలో చుట్టినదాన్ని తీసి బల్ల మీద పెట్టారు. విప్పాను.

గోధుమరంగు రాయి, సిమెంటు కానే కాదు. పంటి మీద పింగాణీ మెరుపు ఇంకా ఉంది. రెండు కోరలు, వాటిలో ఒకదాని కొస విరిగింది. కింది దవడ ఎముక ఆ కోరలకి ఒర కట్టినట్టు రెండుపక్కలా కిందికి సాగి ఉంది. ఈ జంతువు గురించి నేను పత్రికలో ఒక పేజీ రాశాను. బొమ్మల్లో చూశాను తప్ప నిజంగా చూస్తానని కలలో కూడా అనుకోలేదు. హోప్లోఫోనియస్. మూడు కోట్ల ఏళ్ళ కిందటిది. చిరుతపులంత ఉండేది. చూడ్డానికి అచ్చం పిల్లి, నడక పిల్లి, వేట పిల్లి, కానీ పిల్లి కాదు. ఆ కుటుంబమే వేరు, మొత్తం అంతరించిపోయింది. ఆ పేరుకి అర్థం ఆయుధం పట్టిన హంతకుడని.

"మాస్టారు దీన్ని పులి అనేవారా?" అని అడిగాను.

"అబ్బే, పులంటే కోప్పడేవారండీ. ‘సాయుధ హంతకి’ అనాలి. పిల్లలు ఆ పేరుకే హడలిపోయేవారు. ఆయనకి తెలుగు పిచ్చండీ. టెస్ట్ ట్యూబంటే ఊరుకునేవారు కాదు, పరీక్షనాళిక అనాల్సిందే. బాగా కోపమొస్తే నన్ను కూడా అటెండరని కాకుండా ‘ఉపచారకా’ అని పిలిచేవారు."

చీటీ చూశాను. పాతబడి గోధుమరంగుకి తిరిగింది, ఎడమపక్క కింది మూల పురుగు తినేసింది. మొదటి వరుసలో సాయుధ హంతకి. రెండో వరుసలో మొదటి అక్షరం లేదు. మిగిలింది 'ల్లేరు'.

ఇప్పుడు నిజంగా నాకు తల తిరిగింది. పుర్రె అసలుది. పేరు కూడా మాస్టారికి తెలుసు, అర్థంతో సహా తెలుసు. పేరు తెలిసినవాడికి అది అమెరికాలో తప్ప దొరకదని తెలియదా? తెలిసి కూడా కొల్లేరు అని రాశాడంటే? అంటే పట్నం పెద్దమనిషి సిమెంటు విషయంలో తప్పు, మోసం విషయంలో రైటు. కాంతమ్మగారికి ఏమని చెప్పను? 'అమ్మా, తల నిజమైనదే, మీ ఆయనే అబద్ధం' అనా? చచ్చినా చెప్పలేను. కానీ అబద్ధం ఆడి ఉంటే ఆడారనే చెప్పమని ఆవిడే రాశారు. ఆ మనిషి మీద, చచ్చిపోయిన మనిషి మీద, నాకు ఒళ్ళు మండింది.

"టీ తెస్తానండీ," అని కరీముల్లాగారు బయటికి వెళ్ళారు. నేను గదిలో అటూ ఇటూ తిరుగుతూ మిగతా సీసాల చీటీలు చదివాను. ఏమీ తోచక చదివానంతే. 'అభ్రకం, నల్లకొండలు'. 'స్ఫటికం, రాతికొండలు'. 'ఉప్పుగడ్డ, మహా ఉప్పుచెరువు'. ఇవన్నీ ఎక్కడివో ఒక్కటీ తెలియలేదు. టీ గ్లాసులతో ఆయన వస్తుంటే దారి ఇవ్వబోయి, తలుపుకి అడ్డంగా పెట్టిన బండరాయిని బొటనవేలితో తన్నాను. ప్రాణం పోయినంత పనైంది. వేలు పట్టుకుని అక్కడే కూలబడ్డాను.

కూలబడ్డాక చూశాను. అది బండరాయి కాదు, తాబేలు. రాయిగా మారిన తాబేలు డిప్ప.

"ఇదెక్కడిదండీ?"

"అదాండీ? ఇది కూడా తలతోపాటు ఆ పాత పెట్టెలో వచ్చిందేనండీ. చాలా ఏళ్ళ కిందట మిషను దొరగారు వాళ్ళ దేశం వెళ్ళొస్తూ స్కూలుకి తెచ్చిచ్చారని మాస్టారే చెప్పారు. ఆ పట్నం ఆయన వచ్చినప్పుడు నన్నెవరూ అడగలేదండీ. బీరువాలో పట్టక తలుపుకి పెట్టాను."

ఇద్దరం కలిసి తిరగేశాం. అడుగున చీటీ ఉంది. వెలుతురు, పురుగూ తగలక కొత్తదానిలా ఉంది. తాబేలు, తెల్లేరు.

"తెల్లేరు ఎక్కడుందండీ?" అన్నాను.

"తమ్మిలేరు తెలుసండీ, రామిలేరు తెలుసు, బుడమేరు తెలుసు. తెల్లేరు మాత్రం ఎప్పుడూ వినలేదండీ."

నేనూ వినలేదు. ఉప్పుచెరువు, రాతికొండలు, నల్లకొండలు, తెల్లేరు అని పైకి రెండుసార్లు అనుకున్నాను. మూడోసారి అవే మాటలు నా నోట ఇంగ్లీషులో వచ్చాయి. మహా ఉప్పుచెరువు అంటే అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్. రాతికొండలు అక్కడి రాకీ పర్వతాలు. నల్లకొండలు అభ్రకం దొరికే బ్లాక్ హిల్స్. వాటి పక్కనే ఉంది వైట్ రివర్. ఈ జంతువుల ఎముకలు ప్రపంచంలో ఎక్కువగా బయటపడింది ఆ నది ఒడ్డునే. ఆ మహానుభావుడు నదిని కూడా వదల్లేదు, తెలుగు చేసేశాడు. తెల్ల ఏరు, తెల్లేరు!

పురుగు తిన్నది ఒక్క అక్షరం. ఈ జిల్లాలో ఎవరికైనా 'ల్లేరు' అని మిగిలిన ముక్క చూపిస్తే ముందు ఏ అక్షరం పెట్టుకుంటారు? నేనూ అదే పెట్టుకున్నాను.

కరీముల్లాగారికి అంతా చెప్పాను. ఆయన తాబేలుని ఒళ్ళో పెట్టుకుని భుజం మీది తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. "నా చేత్తోనే తలుపు కింద పెట్టానండీ. రోజూ కాలితో జరిపాను," అని అదే మాట అంటున్నారు.

హెడ్మాస్టరుగారికి అంతా కాగితం మీద రాసిచ్చి, ఫోటో మళ్ళీ పెట్టమని అడిగాను. "తప్పకుండానండీ," అన్నారు. గోదావరి వాళ్ళ 'తప్పకుండా'ని ఎంతవరకు నమ్మొచ్చో నాకు తెలియదు. అందుకని కరీముల్లాగారి ఎదురుగా మళ్ళీ అనిపించాను.

మళ్ళీ ఏలూరు

నాలుగో రోజు పొద్దున కాంతమ్మగారి గుమ్మం ఎక్కుతూనే, కుంటుకుంటూ, చెప్పులైనా విడవకుండా, "మాస్టారు అబద్ధం ఆడలేదండీ!" అని అరిచాను. పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. రావాలనే అరిచాను.

ఆవిడ నన్ను లోపల కూర్చోబెట్టి, "మొదట్నుంచీ చెప్పండి," అన్నారు. చెప్పాను. దొరగారి పెట్టె, ఉప్పుచెరువు, నల్లకొండలు, తాబేలు. పురుగు తిన్న అక్షరం. వింటున్నంతసేపూ ఆవిడ మొహం విచ్చుకుంటూ వచ్చింది. సాయుధ హంతకి దగ్గర నవ్వారు కూడా. "నన్ను పెళ్ళైన కొత్తలో స్టవ్ అననిచ్చేవారు కాదండీ," అన్నారు.

"అయితే కొల్లేరు అని ఎవరు చెప్పారండీ పేపరువాళ్ళకి?" అన్నాను. ఊరికే అడిగాను.

"నేనే," అన్నారావిడ. "ఆ చీటీ ఫోటో పట్టుకుని ఇంటికొచ్చారు. మాస్టారి మంచం పక్కనే నిలబడి నేనే చదివి చెప్పాను, కొల్లేరండీ అని. ఇంతకీ ఆ పోయిన అక్షరం ఏమిటన్నారు?"

"తె. తెల్లేరు."

"తె," అన్నారు కాంతమ్మగారు.

ఆవిడ మొహం మీది నవ్వు చెరిగిపోయింది. నాకేమీ అర్థం కాలేదు. మంచినీళ్ళు కావాలేమోనని లేవబోయాను. నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

"పేపరువాళ్ళు వెళ్ళిన దగ్గర్నుంచీ పోయేదాకా ఆయన నోట ఒకటే మాటండీ. తె, తె, తె. తెమ్మంటున్నారనుకున్నాను. మంచినీళ్ళు తెచ్చాను. కళ్ళజోడు తెచ్చాను. బైబిలు తెచ్చాను. పాస్టరుగారినీ తీసుకొచ్చాను. ఏది తెచ్చినా ‘ఇదేనా అండీ, ఇదేనా అండీ’ అని అడిగేదాన్ని. తల అడ్డంగా ఊపి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ఒకసారి విసుక్కున్నాను కూడా. ఏం కావాలో చెప్పలేనప్పుడు ఊరుకోండి అన్నాను."

ఆవిడ చెయ్యి నా చేతిలో అలాగే ఉంది.

తరవాత ఆవిడ నా చెయ్యి వదిలేసి, గదిలో ఖాళీగా ఉన్న మూల వైపు తిరిగారు. మంచం అక్కడ ఉండేదనుకుంటాను. పిల్లలకి పాఠం చదివి వినిపించే గొంతుతో, ఒక్కో అక్షరం విడదీసి, "తెల్లేరు," అన్నారు.

ఆగి, "ఇదేనా అండీ?" అని అడిగారు.